ఎండని నూనె

కిందటి వారం మనం ఝాన్సీని ఇసుకలో మోకాళ్ళ మీద, చేతిలో ఉలితో, పాత బోటు పొట్ట దగ్గర వదిలేసి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. ఉలి మొన పలకల సందులో ఆనించింది గానీ సుత్తి ఎత్తలేదు. ఎత్తనివ్వలేదు కూర్మమ్మ.

ఈ వారమే పత్రిక చేతిలోకి తీసుకున్నవాళ్ళు ఉంటారు. వాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పకుండా ముందుకు పోవడం మర్యాద కాదు. కళింగపట్నం దాపున, వంశధార సముద్రంలో కలిసే మొగలో, యాభై అయిదేళ్ళ కిందట మునిగిన మోటారు బోటు ఒకటి మొన్నటి తుఫానుకి ఇసుక కదిలి బయటపడింది. నలభై అయిదు అడుగుల చెక్క బోటు. యుద్ధకాలంలో రేవుల కాపలాకని నౌకాదళం కట్టించుకుని, యుద్ధం అయిపోయాక వేలంలో వదిలించుకున్న రకం. చేతులు మారి మారి, నడిసముద్రంలో ఆగిన ఓడల నుంచి ఒడ్డుకి సరుకు చేరవేసే కాంట్రాక్టరు దగ్గర తేలింది. దాని అడుగున పాడైన పలకలు మార్చినవాడు ఝాన్సీ తాత అప్పలసూరి. మార్చిన పదకొండో రోజున మొగలోనే అడుగు విచ్చుకుని మునిగిపోయింది. ముగ్గురు పోయారు. అందులో ఒకడు కూర్మమ్మ పెనిమిటి పోలయ్య.

అప్పలసూరి రాగి మేకులు కాజేసి, కన్నాల్లో మైనం కూరి, పైన రంగు పూశాడని ఊరు తేల్చేసింది. ఊరు తేల్చాక ఇంక తీర్పెందుకు? ఆ తరువాత ఈ తీరంలో ఆయన చేత పడవ మీద బాడిస వేయించినవాడు లేడు. చచ్చిపోయేదాకా, అంటే ముప్పై మూడేళ్ళు, నాగళ్ళూ ఉయ్యాలబల్లలూ చెక్కుకుంటూ బతికాడు. ఆ మాట నమ్మని మనిషి ఊరు మొత్తం మీద ఒక్కతే. ఆవిడ కూడా అదే బోటులో మొగుణ్ణి పోగొట్టుకున్న లక్ష్మణమ్మ. 'సముద్రం తీసుకున్నాది, మనిసి కాదు' అనుకుని ఆవిడ మనసు కుదుటపరుచుకుంది. అప్పలసూరి ఇంటికి మజ్జిగ పోయడం ఒక్కరోజు మానలేదు.

ఇప్పుడా బోటు విశాఖలో కొత్తగా పెట్టబోయే బోట్ల ప్రదర్శనశాలకి వెళుతోంది. పరీక్షించడానికి వచ్చిన అనంతపద్మనాభంగారు నౌకాదళంలో ముప్పై ఏళ్ళు చేసి విజయనగరంలో స్థిరపడ్డ పెద్దమనిషి. బోటు పక్కన నిలబెట్టే ఫలకం మీద చెక్కించాల్సిన మాటలు రాసి పెట్టుకున్నారు. అందులో నాలుగో వాక్యం, 'మరమ్మతు చేసిన వడ్రంగి రాగి మేకులు తొలగించినందున' అని మొదలవుతుంది. ఊరివాళ్ళని అడిగితే అలాగే చెప్పారు మరి. ఝాన్సీ ఆయన్ని ఒక్కటే కోరింది: ఆ వాక్యం రాయికి ఎక్కేముందు తాత వేసిన పలకలు ఒక్కసారి విప్పి చూడనివ్వమని. రేపు పొద్దున్న క్రేను వస్తుంది. ఈ పూట పోటు నీరు వచ్చేలోగా, అంటే మహా అయితే మూడు గంటల్లో, చూడాల్సింది చూసెయ్యాలి.

"సుత్తి దించు," అంది కూర్మమ్మ.

డెబ్బై నాలుగేళ్ళ మనిషి. ఒక కంట శుక్లం ముసిరి చూపు లేదు. రెండో కన్ను చేయి చాపినంత మేరే. కర్ర పొడుచుకుంటూ ఆ ఇసుకలో ఒక్కతే నడిచి వచ్చింది.

"మేకులు నేకపోతే ఉన్నాయని సెప్పెస్తావు. నాకా కనపడదు. ఈ బాబేమో నీ పక్క. నానేటి సెయ్యాల?"

"నన్నేటి సెయ్యమంటావో సెప్పు మామ్మా."

"దగ్గిరగా కూకోబెట్టు. నా సేత్తో ముట్టుకుని లెక్కెట్టుకుంటాను."

ఝాన్సీ లేచి, ఆవిడ రెండు చంకల కిందా చేతులు పోసి, ఎత్తినట్టే తెచ్చి బోటు పక్కన బోర్లించిన బకెట్టు మీద కూర్చోబెట్టింది. ఆ రెండిళ్ళ మనుషులు ఒకరినొకరు ముట్టుకోవడం ఝాన్సీ పుట్టాక అదే మొదలు. ముప్పై ఆరేళ్ళ ఝాన్సీ ఇప్పుడు శ్రీకాకుళంలో పిల్లలకి వడ్రంగం నేర్పే ఉద్యోగంలో ఉంది. చిన్నప్పుడు బడిలో ఆమె పేరు ఝాన్సీ కాదు, మేకులోళ్ళ గుంట, అంటే మేకుల దొంగ ఇంటి పిల్ల. పలకా బలపం సంచిలో తుప్పు మేకులు పడేసేవారు. ఇంటికొచ్చి ఏడిస్తే తాత ఆ మేకులు ఏరి, సుత్తితో వంపులు తీసి, డబ్బాలో దాచేవాడు. ఒక్కనాడూ 'నేను తియ్యలేదమ్మా' అనలేదు. ఆ ఒక్క మాటా ఎందుకు అనలేదన్నదే ఝాన్సీని ఇన్నేళ్ళూ తొలిచింది.

అనంతపద్మనాభంగారు కళ్ళద్దాలు సవరించుకుని, "మొదలుపెట్టమ్మా. నీరు మన కోసం ఆగదు," అన్నారు.

ఝాన్సీ ముందు నాచు గీకింది. తరువాత పాత రంగు. కింద టేకు, నల్లబడి, చెక్కు చెదరకుండా ఉంది. ఆరడుగుల మేర తొమ్మిది పలకలు మిగతావాటికంటే కొంచెం లేతగా కనిపించాయి. తాత చేతివి. ఆ పలకల నిండా పచ్చటి చుక్కలు.

"చెయ్యియ్యి మామ్మా," అని, కూర్మమ్మ చూపుడువేలు పట్టుకుని మొదటి చుక్క మీద పెట్టింది. ఉలి మొనతో ఆ చుక్కని గీరితే ఆకుపచ్చ చిలుము రాలి ఎర్రగా రాగి మెరిసింది.

"ఒకటి," అంది కూర్మమ్మ.

నూట పన్నెండుదాకా ఆవిడే లెక్కపెట్టింది. అక్కణ్ణుంచి ఝాన్సీ అందుకుంది. కూర్మమ్మ వేలు మాత్రం ఒక్కో మేకు మీదా ఆగి, గోటితో నొక్కి చూసి, పక్కదానికి పోతూనే ఉంది. రెండువందల పదహారు. మేకు లేని కన్నం ఒక్కటి లేదు. మైనం లేదు, మోసం లేదు.

ఝాన్సీకి ఏడుపు వచ్చింది. ఆపుకోవాలని కూడా అనుకోలేదు. ఇసుక చేతులతోనే కళ్ళు తుడుచుకుంటే ఇసుక కళ్ళలో పడి మరింత నీరు కారింది. అనంతపద్మనాభంగారు కాగితం తీసి, పెన్ను మూత విప్పి, నాలుగో వాక్యం మీద అడ్డంగా గీత కొట్టారు. ఒకటి చాలదనిపించిందేమో, రెండోది కూడా కొట్టారు.

"మీ తాతగారికి ఊరంతా క్షమాపణ చెప్పాలమ్మా. నాతో సహా," అన్నారు.

ఇక్కడితో ఆగితే ఎంత బాగుండును. రాసేవాణ్ణి నాకే అనిపించింది. కానీ కూర్మమ్మ ముఖం చూడండి. తప్పు తెలుసుకున్న మనిషి ముఖంలా లేదు. చివరి ఆసరా కూడా చేజారిన మనిషి ముఖంలా ఉంది.

"మేకులన్నీ ఉంటే," అంది మెల్లగా, "మరెందుకు మునిగినాది?"

జవాబు చెప్పాల్సిన అవసరం అనంతపద్మనాభంగారికి కనిపించింది. అడిగితే చెప్పకుండా ఉండలేని మనిషి ఆయన. ఈ బోట్లు అంత తేలిగ్గా విచ్చుకునేవి కావన్నారు. యుద్ధం రోజుల్లో ఉక్కంతా పెద్ద ఓడలకే చాలనప్పుడు, ఇళ్ళకి తలుపులు చేసే వడ్రంగుల చేత కూడా కట్టించేలా వీటిని గీశారట. నీళ్ళ కింద దాచిన అయస్కాంతపు మందుపాతరలకి చెక్క బోటు ఆచూకీ దొరకదు. అదీ ఇంకో లాభం. పెంకు ఒకే పొర కాదు, రెండు. లోపలి పలకలు ఒక వైపుకి ఏటవాలుగా, పై పలకలు దానికి ఎదురు వైపుకి. తడకలో బద్దల్లాగా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. రెంటికీ మధ్య నూనెలో ముంచిన గుడ్డ పరిచి, రాగి మేకు దిగ్గొట్టి, లోపల రాగి బిళ్ళ మీద మొన మడిచేస్తారు. అంతా కలిపి అంగుళం మందం ఉంటుందో లేదో. ఇంజను ఎంత అదిరినా పొర మీద పొర జరగదు.

"ఆ గుడ్డే దీని ప్రాణం. మీ తాతగారికి తెలియకుండా ఉండదు. యుద్ధంలో విశాఖలో ఇలాంటివి కట్టినవాళ్ళలో ఆయనొకరు కదా," అన్నారు.

తెలియకపోవడమా? ఝాన్సీకి ఆరేళ్ళప్పుడు ఎక్కాలకంటే ముందు తాత నేర్పిన పాఠం అదే. 'ఎండే నూనె బోటుకి, ఎండని నూనె దీపానికి.' బోటుకి అవిసె నూనె. గాలి తగిలితే ఎండి, గుడ్డని అట్టలా బిగించి, రెండు పొరల్నీ ఒకటి చేస్తుంది. దీపానికి నువ్వుల నూనె, ఆముదం. అవి ఏళ్ళు గడిచినా ఎండవు. పడవ ముట్టుకోని వడ్రంగి మనవరాలికి ఆ పాఠం పొద్దున్నా సాయంత్రం ఎందుకు అప్పజెప్పించుకునేవాడో ఎవరికీ తెలియదు. ఒక్క అక్షరం తప్పినా మళ్ళీ మొదటి నుంచి చెప్పించేవాడు.

"పై పలక ఇప్పు," అంది కూర్మమ్మ. "లోపల గుడ్డ సూడాల."

"వద్దులే మామ్మా. మేకులు సూసినాం కదా. పోటొచ్చెస్తాది."

"ఇప్పు."

ఝాన్సీ చుట్టూ మేకుల తలలు కోసింది. అరగంట పట్టింది. తరువాత ఉలి దూర్చి, పలకని లేపడానికి బలమంతా చేతుల్లోకి తెచ్చుకుంది. ఆ బలం అక్కర్లేకపోయింది. పలక పక్కకి జారి, చప్పుడు లేకుండా ఇసుకలో పడింది. పొద్దున్న బోటు వెనక భాగంలో, నౌకాదళం నాటి పలక ఒకటి పీకి చూసింది ఆమె. దాన్ని పీకడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు. లోపలి గుడ్డ అప్పడంలా విరిగింది.

ఇక్కడి గుడ్డ విరగలేదు. వేలితో ముట్టుకుంటే మడతపడింది. రాగి చిలుము పీల్చి కుళ్ళకుండా నిలిచింది. వేళ్ళకి జిడ్డు అంటింది. యాభై అయిదేళ్ళ తరువాత, ఉప్పునీళ్ళలో, ఇంకా జిడ్డు. ఝాన్సీ వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది. దీపం వాసన.

పక్కపక్కన మూడు గుడ్డలు పరిచి ఉన్నాయి. మొదటిదానికి ఎర్ర అంచు. రెండోదానికి నల్లగళ్ళ అంచు. మూడోదానికి ఉత్త గీత. మూడూ పసుపు ముంచినవి. మూడూ చీరలే, ముక్కలు కావు, మడతలు వేసి పరిచిన నిండు చీరలు.

ఆమె ఈ ఊరి పిల్ల. ఒకరు చెప్పనక్కర్లేదు. ఈ తీరంలో కొబ్బరి పీచు తాడుతో పలకలు కుట్టి చేసిన కుట్టుపడవ మొదటిసారి నీళ్ళలోకి దిగేముందు, అందులో వెళ్ళే మగవాడి పెళ్ళాం తన చీర చెంగు మూరెడు చింపి, పసుపు ముంచి, బంగారమ్మ తల్లి దీపంలో నూనె అద్ది వడ్రంగికి ఇస్తుంది. అతను దాన్ని పడవ ముక్కు దగ్గరి కుట్టు కింద దోపుతాడు. ఆ గుడ్డ ఉన్న పడవ మనిషిని వెనక్కి తెస్తుందని నమ్మకం. కుట్టుపడవకి దానివల్ల చెరుపు లేదు. అది వదులుగా, మెత్తగా ఉండాల్సిన పడవ. కెరటం కొడితే వంగుతుంది. నూనె ఎండకపోతే ఇంకా మంచిది.

ఈ బోటు వంగేది కాదు.

అయితే తాత దొంగ కాడు. అన్నీ తెలిసి, దీపం నూనె గుడ్డ పరిచినవాడు. దొంగ కాకపోవడం ఎంత చిన్న ఊరటో ఝాన్సీకి అప్పుడు అర్థమైంది. మరో సంగతి కూడా అర్థమైంది, అది ఇంకా బరువైంది. ముప్పై మూడేళ్ళు ఆయన నోరెందుకు విప్పలేదో. విప్పితే మూడు గుమ్మాలకి వెళ్ళి, మీ చీరే మీ మొగుణ్ణి ముంచిందమ్మా అని చెప్పాలి. దొంగ అనిపించుకోవడమే నయమనుకున్నాడు.

అనంతపద్మనాభంగారు వంగి చూశారు. "ఇది నౌకాదళం గుడ్డ కాదే. చీర అంచులా ఉంది. చీరలు ఇందులోకి ఎలా వచ్చాయి? నీకేమైనా తెలుసామ్మా?" పెన్ను మూత మళ్ళీ తీశారు. కొట్టేసిన వాక్యం పక్కన చోటు ఖాళీగా ఉంది.

ఝాన్సీ కూర్మమ్మ వైపు చూసింది. తాత పేరు కడగడానికి వచ్చింది తను. ఒక్క మాట చెబితే కడిగినట్టే. ఆ మాట ఈ ముసలామె చెవిన పడాలి, అంతే.

"తెలీదు సార్," అంది. "పాత గుడ్డేదో వాడుంటారు."

"ఇలగియ్యి," అని కూర్మమ్మ చెయ్యి చాపింది.

"ఎందుకు మామ్మా, ఉత్త నావీ గుడ్డ. సివికిపోయింది."

"నావీ గుడ్డకి అంచుంటాదేటే?"

ఝాన్సీ ఇవ్వలేదు. కూర్మమ్మే కర్ర పక్కన పడేసి, బకెట్టు మీంచి జారి ఇసుకలో కూర్చుని, తడుముకుంటూ బోటు పెంకుని అందుకుంది. వేళ్ళు గుడ్డ మీద పడ్డాయి. అంచు వెంట మెల్లగా పోయాయి. ఒకచోట నేతలో ముడి ఉంది. ఆ ముడి దగ్గర ఆగిపోయాయి.

"ఎర్రదే కదా?" అంది.

ఝాన్సీ ఉలి ఇసుకలో పెట్టేసింది.

"పెళ్ళికి మా యమ్మ ఎట్టిన పొందూరు సీర. ఈ ముడి నాకు తెలుసు." కూర్మమ్మ గొంతులో ఏడుపు లేదు. ఏదో పని అప్పజెప్పినట్టు చెప్పింది. "మీ తాత ఎట్టనన్నాడు. మూడు రోజులు ఎట్టనన్నాడు. ఈ నూనె ఎండదే పిల్లా, పలకలు జారిపోతాయి, మూరెడు గుడ్డ ముక్కు కాడ కట్టుకోండి సాలు అన్నాడు. ఇంత పెద్ద మోటారు బోటుకి మూరెడేటి సాలుతాది అన్నాను. నిండు సీరలు ఎడితేగానీ మా మగోళ్ళని ఎక్కనివ్వమన్నాం. నాను బోటుకి అడ్డంగా పడుకున్నాను. పందొమ్మిదేళ్ళు నాకు. ఆకరికి బంగారమ్మ దీపం మీద ఒట్టేసి పట్టుకెల్లినాడు."

అనంతపద్మనాభంగారి పెన్ను కాగితం మీద ఆనలేదు.

"ఒట్టేసినా ఎట్టుండడు, ఎక్కడో పారేసుంటాడు అనుకున్నాను. యాభై అయిదేళ్ళు అదే ఆశ. ఇయ్యాల మేకులు నేకపోతే బాగున్నని వచ్చినాను. మీ తాత దొంగయితే నాను బతికిపోదును." ఆవిడ గుడ్డ మీంచి చెయ్యి తియ్యలేదు. "శవం ఒడ్డుకొచ్చిన రోజు పొద్దున్నే మా గుమ్మంలోకి వచ్చినాడు. తలపాగా సేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నోరు ఇప్పబోనాడు. ఏటి సెప్తాడో నాకు తెలిసిపోనాది. సెప్పనిస్తే నాను సస్తాను. అందుకే ముందు నానే అరిసినాను, రాగి మేకులు తినేసినాడు ఈడే అని. గుమ్మం నిండా జనం. మీ తాత నా మొకం సూసినాడు. తలపాగా సుట్టుకుని ఎల్లిపోనాడు. ఆ మాట ఊరిది కాదే గుంటా. మొదట అన్నది నానే."

ఝాన్సీకి కోపం వచ్చింది. తుప్పు మేకులు నింపిన సంచీ, వంపులు తీసిన సుత్తి చప్పుడూ, ఉయ్యాలబల్లల మీద అరిగిపోయిన తాత చేతులూ అన్నీ ఒక్కసారి మీదకి వచ్చాయి. ఆ మాట అన్న మనిషి తన కాళ్ళ దగ్గర ఇసుకలో ఉంది. ఏ మాటన్నా పడేలాగే ఉంది. అందుకే ఏమీ అనలేకపోయింది.

"రాసుకో బాబూ," అంది కూర్మమ్మ. "నా పేరు కూడా రాయి."

పోటు మొదలైంది. మొదటి కెరటం నురగ బోటు వెనక భాగం దాకా వచ్చి తిరిగింది. అప్పుడు ఇసుక గట్టు మీద నుంచి ఎవరో పిలిచారు.

"పిల్లా ఝాన్సీ! ఎండలో ఏటీ తాగకుండా సేస్తన్నావు?"

లక్ష్మణమ్మ. చంకలో మజ్జిగ బిందె, చేతిలో రెండు గ్లాసులు. నడుం వంగినా హుషారుగా దిగి వస్తోంది. కూర్మమ్మ చేయి చటుక్కున ఝాన్సీ మణికట్టు పట్టుకుంది. జిడ్డు చేయి. అయినా పట్టు గట్టిది.

"సీరలే ముంచినాయని దానికి తెల్దు," అంది గొంతు తగ్గించి. "నూనె సంగతి మీ తాత నాతోనే అన్నాడు. అది ఉత్తినే సీర ఇచ్చినాది. నల్లగళ్ళది దానిదే."

లక్ష్మణమ్మ దగ్గరికి వచ్చేసింది. కూర్మమ్మ అక్కడ ఉండటం చూసి ఆశ్చర్యపోయింది, కానీ ముఖం విప్పారింది.

"ఉన్నాయేటే మేకులు?"

"ఉన్నాయి మామ్మా," అంది ఝాన్సీ. "అన్నీ ఉన్నాయి."

"సూసినావా? నాను సెప్తూనే ఉన్నాను. మీ తాత దేవుడు." లక్ష్మణమ్మ బిందె ఇసుకలో కుదురుగా పెట్టింది. చేతులు పైట చెంగుకి తుడుచుకుంది. "ఏదీ, ఆడి పని నన్నూ ఓసారి సూడనీ," అంటూ, పలక విప్పిన చోటు వైపు వంగింది.